లైటు పట్టినవాడికీ, బోల్టు విప్పినవాడికీ

"వేడినీళ్ళతో పోయే నొప్పికి ఇంత రాద్ధాంతమా?" అంటూ దీనమ్మ మూడోసారి గీజరు స్విచ్చి వేసింది. మూడోసారి కూడా షారోన్ వంటింట్లోంచి వచ్చి దాన్ని కట్టేసింది.

"ఆయన వద్దన్నారు అత్తయ్యా."

"వద్దన్నది నీళ్ళనా, నన్నా?"

"మిమ్మల్నెవరంటారు? నిన్న మీరు ఆముదం మర్దన చేసి రెండు బకెట్లు కుమ్మరించాక నొప్పి ఇంకా ఎక్కువైందట. అంతే."

"హాయిగా ఉందమ్మా అన్నాడే నాతో!"

"మీతో అలాగే అంటారు. నాతో ఇంకోలా అంటారు. అసలు సంగతి మనిద్దరికీ చెప్పట్లేదు."

హాల్లో పేపరు చదువుతున్న సుందరరావు తలెత్తకుండానే అన్నాడు. "అది స్విచ్చనుకున్నారా, సిగ్నలనుకున్నారా? ఒకళ్ళు దించడం, ఒకళ్ళు ఎత్తడం. మధ్యలో బండి ఆగిపోయి చస్తోంది."

ఆ బండి జాషువా. దీనమ్మా సుందరరావుల ఒక్కగానొక్క కొడుకు, షారోన్ మొగుడు. వరండాలో కుర్చీలో కూర్చుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, ఈ గొడవ తనది కానట్టు వీధిలోకి చూస్తున్నాడు. పక్కన టీ చల్లారిపోతోంది. గ్లాసు అతని కుడిచేతి వైపుంది. కాసేపటికి ఒళ్ళంతా తిప్పి, ఎడమచేత్తో దాన్ని అందుకున్నాడు.

దీనమ్మ ఆ తిరగడం చూసింది. స్విచ్చి సంగతి అక్కడితో వదిలేసింది.

రాయపూర్‌లో నీళ్ళలో మునిగి పని చేసే డైవరుకు ఏం పనుంటుందని కొత్తవాళ్ళు ఎప్పుడూ అడుగుతారు. సముద్రం లేదు కదా అంటారు. డ్యాములున్నాయి, కరెంటు ఫ్యాక్టరీల నీటి కాలవలున్నాయి, నీళ్ళు లాగే బావులున్నాయి. వాటి అడుగున గేట్లూ, చెత్త ఆపే ఇనుప జాలీలూ ఉంటాయి. అవి తుప్పు పడతాయి. ఊరి చివర ఫ్యాక్టరీల పేట ఉర్లాలో ఈశ్వర్ సేఠ్ అనే కాంట్రాక్టరుకు పెద్ద షెడ్డుంది. కొత్త జాలీలు అక్కడ తయారవుతాయి. పాతవి విప్పి ఇవి బిగించడానికి అతని మనుషులు నీళ్ళలోకి దిగుతారు. వాళ్ళందరిలోకీ కదలని బోల్టును కదిలించేవాడు జాషువా. "జాషువా భాయ్ కో బులావ్", జాషువాని పిలిపించండి, అన్నారంటే ఇక ఆ పని అయినట్టే లెక్క. ఆ మాట ఇంట్లో చెప్పేటప్పుడు అతని మొహం వెలిగేది.

మొన్న గురువారం సాయంత్రం డ్యాము నుంచి వచ్చి జీపు దిగుతూ అతను గేటు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. దీనమ్మకు ముందు తట్టిన అనుమానం తాగుడు. తువ్వాలు ఇచ్చే వంకతో దగ్గరికెళ్ళి వాసన చూసింది. రబ్బరు వాసన, బురద వాసన, అంతే. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరైన మనిషి ఆమె. మందు వాసన వచ్చి ఉంటే నాలుగు తిట్టి పడుకునేది. రాకపోయేసరికి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు వరండాలోకి వెళ్ళి అతని వెనక నిలబడి, చెప్పకుండా భుజం మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది.

"ఇక్కడేనా?"

"ఆఁ, అక్కడే."

"ఇక్కడ?"

"అదే అమ్మా. మొత్తం అంతా."

అతను అబ్బా అనలేదు, ముడుచుకోలేదు. కండ పట్టేస్తే నొక్కినచోట ప్రాణం విలవిల్లాడుతుంది. ఇది నొక్కితే పెరగదు, వదిలితే తగ్గదు. చెయ్యి అందనంత లోపల ఎక్కడో ఉంది. చొక్కా పైకెత్తి చూసింది. పొట్ట పక్కన చర్మం మీద ఎర్రగా, నీలంగా, పాలరాతి చారల్లాంటి మచ్చలు.

"ఇదేంటి?"

"డ్రెస్సు ఒరుసుకుంది. అరే, వదులమ్మా, వీధిలో జనం చూస్తున్నారు."

"చూడనీ. నువ్వెంత లోతు దిగావు? ఎంతసేపున్నావు?"

"అవన్నీ నేను లెక్కపెట్టక్కర్లేదు. కంప్యూటరుంది." జాషువా ఫ్రిజ్ వైపు గడ్డం ఎగరేశాడు. ఫ్రిజ్ మీద, బైబిలు పక్కన, చేతి గడియారం కంటే కాస్త లావుగా ఉన్న నల్లటి వస్తువుంది. "ఆగమన్నచోట ఆగాను, ఆగమన్నంతసేపు ఆగాను. పైకొచ్చేదాకా పచ్చే చూపించింది. పక్కా."

దాని కథ అతను పెళ్ళయిన కొత్తలో షారోన్‌కు సోడా సీసా పట్టుకుని చెప్పాడు. దీనమ్మ కూడా విన్నది. లోతుకు వెళ్ళేకొద్దీ మనం పీల్చే గాలి సోడాలో గ్యాసులాగా ఒంట్లో కరుగుతుంది. ఒక్కసారిగా పైకొస్తే మూత తీసిన సీసాలా లోపల బుడగలు పొంగుతాయి. కీళ్ళలో పొంగితే నొప్పి. వెన్నులో పొంగితే మనిషి మంచం పడతాడు. అందుకే మధ్యమధ్యలో ఆగి ఆగి రావాలి. ఎక్కడ, ఎంతసేపు అన్నది చేతికున్న కంప్యూటరు లోతునూ కాలాన్నీ చూసి లెక్కకట్టి చెబుతుంది.

సుందరరావు పేపరు మడిచాడు. "మిషను పచ్చ చూపిస్తే పచ్చే దీనా. దానికి అబద్ధమాడాల్సిన అవసరమేంటి? మనుషులకుంటుంది."

గూడ్సు గార్డుగా బతుకంతా సిగ్నళ్ళ మీద నమ్మకంతో గడిపిన మనిషి. దీనమ్మకు తన డ్యూటీ రోజుల్లోని రైల్వే ఖలాసీలు గుర్తొచ్చారు. వేడి టీ ఒక గుటక నోట్లో పోసుకుని, మింగి, వెంటనే థర్మామీటరు పెట్టించుకుని సెలవు రాయించుకునేవాళ్ళు. థర్మామీటరు అబద్ధమాడేది కాదు. ఆ వేడి టీదని దానికి తెలిసేది కాదు, అంతే.

మధ్యాహ్నం ఈశ్వర్ సేఠ్ ఫోన్ చేశాడు. జాషువా అన్నం తింటూ స్పీకరు పెట్టాడు. ఎడమచేత్తో పెట్టాడు.

"క్యా జాషువా, కంధా కైసా హై? వాచ్ నే గ్రీన్ దిఖాయా థా నా?"

"హాఁ సేఠ్‌జీ, గ్రీన్ థా."

"తో ఫిర్? బామ్ లగావ్, సో జావ్. సోమవార్ కో నీచేవాలా గేట్ హై, తుమ్హారే బినా నహీఁ హోగా."

ఫోను పెట్టేశాక షారోన్ పెరుగు గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది. "భుజం ఎలా ఉందని అడిగాడు. మీరు వాచీ రంగు చెప్పారు. బామ్ రాసుకుని పడుకోమన్నాడు."

జాషువా నవ్వబోయి మానేశాడు. "సోమవారం అడుగు గేటు, నేను లేకుండా అవదంటున్నాడు. ఇప్పటిదాకా చేసినదానికంటే లోతు. నేను దిగకపోతే నా జోడీ యుగంధర్‌ని దించుతారు. వాడివల్ల కాదు."

"మీవల్ల అవుతుందా?"

"అవుతుంది షారోన్. బస్."

దీనమ్మ కోడలి వైపు చూసింది. పొద్దున గీజరు దగ్గర నిప్పులు కక్కిన మొహంలో ఇప్పుడు భయమే కనిపించింది. గిన్నెలు తోమే దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

"నాకు ఆ వాచీ మీద నమ్మకం లేదు అత్తయ్యా. చెడిపోయిందేమో."

"నాకూ అలాగే ఉంది. కానీ చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?"

"ఇంకో వాచీతో చూస్తే?"

ఆ శనివారం సాయంత్రమే ఆ ఇంకో వాచీ తనంతట తనే ఇంటికొచ్చింది. డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో ఉండే యుగంధర్, జాషువా జీపులో వదిలేసిన సంచీ తెచ్చాడు. విజయనగరం వైపు రైల్వే కుటుంబం వాళ్ళది. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు. నీళ్ళలోకి దిగేటప్పుడు ఎప్పుడూ జంటగానే దిగుతారు.

"ఏటి ఆంటీ, మావోడు అమ్మచేతి సేవలు చేయించుకుంటన్నాడా?" అంటూ సంచీ దించాడు. "నిన్న మా మరదలు ప్రీతి సగాయిలో ఉంగరాలు మార్చుకోగానే డీజే పెట్టారు. నా డాన్సు చూడ్డానికి వీడు రాలేదు. ప్రీతి ఫీలయింది."

"డాన్సు చేశావా?"

"ఏటలా అంటన్నారు? కాళ్ళు అరిగిపోయేలా చేశాను."

దీనమ్మ అతనికి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "గురువారం నువ్వూ వీడితోనే దిగావా?"

"కలిసే దిగాం, కలిసే తేలాం."

"నీ వాచీ ఇలా ఇవ్వు. షారోన్, ఫ్రిజ్ మీది అది పట్రా."

జాషువా లోపలి గదిలోంచి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "అమ్మా, ఏంటిది, పోలీస్ స్టేషనా?"

"నువ్వు కూర్చో. యుగంధర్, గురువారం లెక్క రెండిట్లోనూ తియ్యి."

యుగంధర్ బటన్లు నొక్కి రెండూ టీపాయి మీద పక్కపక్కన పెట్టాడు. షారోన్ వంగి చూసింది. సుందరరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. రెండిట్లోనూ లోతు ఒకటే, గడిపిన కాలం ఒకటే. పైకి వస్తూ ఆగమన్న చోటు, ఆగమన్న సేపు కూడా ఒకటే.

"కవలలు," అన్నాడు యుగంధర్ మురిసిపోతూ.

"చూశావా, చెడిపోలేదు," అన్నాడు సుందరరావు.

షారోన్ మొహం పాలిపోయింది. వాచీ చెడిపోయి ఉంటే బాగుండుననే ఆశ ఒకటి ఆమెకు మిగిలి ఉంది. అదీ పోయింది. దీనమ్మ మాత్రం ఆ రెండు అంకెల మీంచి చూపు తిప్పలేదు. ఒకే లోతు, ఒకే కాలం, ఒకే పచ్చ. ఒకడు డాన్సు చేశాడు. ఇంకొకడు టీ గ్లాసు ఎత్తలేకపోతున్నాడు.

"కింద నువ్వేం చేశావు నాయనా?"

"నేనా? లైటు పట్టుకున్నాను. కెమెరా పట్టుకున్నాను."

"వీడు?"

"వాడు బోల్టులు. అబ్బో, ఒక్కోటి ఎంత మొండిదో! పెద్ద పానా వేసి, కాళ్ళు జాలీకి తన్నిపెట్టి లాగాడు. చూస్తన్న నాకే ఆయాసమొచ్చింది."

"మరి గాలి? నీ సిలిండర్లో ఎంత మిగిలింది, వాడి సిలిండర్లో ఎంత మిగిలింది?"

యుగంధర్ గ్లాసు కింద పెట్టాడు. "నాది సగం మిగిలిపోయింది. వాడిది..." జాషువా వైపు చూశాడు. "వాడిది అయిపోవచ్చింది. ఎప్పుడూ అంతే కదా ఆంటీ. వాడు నాకు రెండింతలు పీలుస్తాడు."

"ఆ సంగతి దీనికి తెలుసా?" దీనమ్మ వేలితో వాచీని తట్టింది. "వాడు రెండింతలు పీల్చాడని, గుండె దడదడలాడిందని, రక్తం పరుగులు పెట్టి ఆ సోడా గ్యాసును ఒంట్లో ఇంకా ఎక్కువ నింపిందని?"

యుగంధర్ మెడ వెనక గోక్కున్నాడు. "దీనికి తెలీదు. లోతు తెలుస్తుంది, టైము తెలుస్తుంది. సిలిండర్ని, గుండెని కూడా చూసేవి వచ్చాయంటారు, పెద్ద మోడళ్ళు. అవి చూసి ఎంతవరకు లెక్కలో కలుపుతాయో నాకు తెలవదు. దీంట్లో ఒక సెట్టింగుంది, ఇంకొంచెం భయపడుతూ లెక్కకట్టమని. సేఠ్ దాన్ని ముట్టుకోవద్దంటాడు, పని లేటవుతాదని."

"ముట్టుకోవద్దని సేఠ్ చెప్పాడు సరే," షారోన్ మొగుడి వైపు తిరిగింది. "మీరెందుకు ఒప్పుకున్నారు?"

"అందరూ అలాగే దిగుతారు."

"అందరూ బోల్టులు విప్పరుగా!"

"పైకొచ్చాక ఏం చేశారు?" దీనమ్మ ప్రశ్న యుగంధర్‌కే.

"విప్పిన జాలీ పైకి లాగాలి కదా. లేబర్ భోజనాలకెళ్ళారు. వాడు ఆగడుగా, గొలుసు పట్టుకుని తనే లాగాడు. నేను పడవలో కూర్చుని..." యుగంధర్ గొంతు తగ్గిపోయింది. "నేను కూర్చున్నాను ఆంటీ."

సుందరరావు చాలాసేపటినుంచి ఆ రెండు వాచీల్నే చూస్తున్నాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఖాళీ గూడ్సుకీ, బొగ్గు నింపిన గూడ్సుకీ స్పీడు మీటరు ఒకే అంకె చూపిస్తుంది," అన్నాడు ఎవరినీ చూడకుండా. "తేడా బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది."

జాషువా గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వెళ్ళిపోయాడు.

యుగంధర్ వెళ్ళాక దీనమ్మ విశాఖలో ఉన్న తమ్ముడు అచ్చయ్యకు ఫోన్ చేసింది. నేవీలో డైవరుగా చేసి రిటైరైనవాడు. జాషువాకు ఈ పని నేర్పింది అతనే. అందుకే ఇంతవరకూ అతనికి ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు ఆమెకు. మా కాలంలో అంతా సవ్యంగా ఉండేది, ఇప్పటివాళ్ళకే ఏమీ రాదు అంటాడని అనుమానం. తను పెట్టిన దారిలో తప్పు ఒప్పుకోడని ఇంకో అనుమానం.

అచ్చయ్య అవేవీ అనలేదు. మచ్చల రంగు అడిగాడు. నొక్కితే ఎలా ఉందని అడిగాడు. తర్వాత, "వేడినీళ్ళు పోశావా అక్కా?" అన్నాడు.

"పోశాను. ఆముదం కూడా రాశాను."

"నువ్వు పోస్తావని నాకు తెలుసు. ఇంకెప్పుడూ పొయ్యొద్దు. నీళ్ళలోంచి వచ్చినవాణ్ణి వదిలెయ్యాలి, మర్దనలూ వద్దు, బరువులూ వద్దు."

దీనమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "నా చేతులతో నేనే..."

"అది తర్వాత ఏడుద్దువుగానిలే. వేళ్ళు ఎలా ఉన్నాయి? తిమ్మిరి ఉందా?"

"లేదంటున్నాడు."

"వాడు అంటున్నది కాదు, నువ్వేం చూశావు?"

ఆమె చూసింది చెప్పింది. పొద్దున చొక్కా బొత్తాలు షారోన్ పెట్టింది.

"మేం కష్టమైన పని చేసిన రోజున ఏ లోతుకు ఎంతసేపు ఆగాలో రాసిన పట్టికలో మా వరస చూసుకునేవాళ్ళం కాదు. దాని తర్వాతి వరస చూసుకుని, ఇంకా ఎక్కువసేపు ఆగి పైకొచ్చేవాళ్ళం. వీళ్ళ చేతికి గడియారం కట్టాక ఆ అలవాటు పోయింది."

"అంటే ఆ గడియారం తప్పా?"

"చాలామంది దాన్ని నమ్ముకునే దిగుతున్నారు, బాగానే ఉన్నారు. ఇంత కష్టం చేసేవాడికి అది ఎంతవరకు పనికొస్తుందో, ఆ లెక్క కట్టినవాళ్ళు ఎలాంటి మనుషుల మీద పరీక్ష చేశారో నాకు తెలీదక్కా. నాకు నిజంగా తెలీదు."

మూడు రోజులుగా అందరూ ఆమెకు తెలుసు తెలుసు అని చెబుతూనే ఉన్నారు. తెలీదు అన్నవాడు ఇతనొక్కడే. దీనమ్మకు ఆ మాట మీద నమ్మకం కుదిరింది.

"ఇక్కడ ప్రెషర్ ఛాంబరుంది," అన్నాడు అచ్చయ్య. "దాంట్లో పెట్టి మళ్ళీ లోతుకు దించినట్టు దించి, నెమ్మదిగా పైకి తెస్తారు. నేను డాక్టరుతో మాట్లాడతాను. ఈలోపు అక్కడ మీ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించు. విమానం మాత్రం ఎక్కించకు. ఆ ఎత్తుకు ఇంకా పొంగుతుంది. బండిలో రండి. ఆలస్యం చెయ్యకండి, ఇప్పటికే చేశారు."

ఆమె లోపలి గదికి వెళ్ళి ఆ మాటలన్నీ జాషువాకు చెప్పింది. అతను మంచం అంచున కూర్చుని విన్నాడు.

"మావయ్య అలాగే అంటాడు."

"తగ్గిపోతుంది అని నువ్వూ మూడు రోజులుగా అలాగే అంటున్నావు."

"ఇప్పుడు నేను వెళ్ళి ఛాంబర్లో పడుకుంటే ఉర్లాలో ఏమంటారో తెలుసా? జాషువాకి బెండ్స్ వచ్చిందట, ఒంట్లో బుడగలు పొంగాయట, వాడి పని ఖతం అంటారు. ఒకసారి ఆ మాట పడితే మళ్ళీ ఎవడూ దించడమ్మా."

అదీ సంగతి. మూడు రోజులుగా ఆమె వాసన చూసి, నొక్కి, చొక్కా ఎత్తి వెతికింది ఇదే. దీనమ్మకు వాదించాలనిపించలేదు. వార్డులో ఇలాంటి మగవాళ్ళను చాలామందిని చూసింది. బతిమాలితే బిగుసుకుంటారు.

"షారోన్‌తో చెప్పావా ఈ మాట?" అని మాత్రం అడిగింది.

అతను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె బయటికి వచ్చి షారోన్‌ను లోపలికి పంపి, తలుపు దగ్గరగా వేసింది.

తలుపు వెనక మొదట షారోన్ గొంతు వినిపించింది, తర్వాత ఇద్దరివీ, తర్వాత ఏమీ వినిపించలేదు. అంతసేపూ మాటల్లేకపోవడం మంచిదో చెడ్డదో దీనమ్మకు అర్థం కాలేదు. కొంతసేపటికి జాషువా ఫోన్లో హిందీలో మాట్లాడుతున్నట్టు అనిపించింది. సేఠ్‌తోనా? సోమవారం వస్తానని చెబుతున్నాడా? వంటింట్లో నిలబడి చెవి అటే వేసింది కానీ మాటలు అందలేదు.

ఏడింటికి, రోజూలాగే, ముందు గదిలో చాప పరిచారు. ఆ ఇంట్లో సాయంత్రపు ప్రార్థన ఏనాడూ తప్పలేదు. సుందరరావు ఒక అధ్యాయం చదువుతాడు. తర్వాత వరసగా ఒక్కొక్కరూ దేని కోసం ప్రార్థించాలో చెబుతారు. అన్నీ విన్నాక ఆయన ప్రార్థన చేస్తాడు.

చదవడం అయ్యింది. సుందరరావు పుస్తకం మూసి, "చెప్పండి," అన్నాడు.

దీనమ్మ, గుంటూరులో ఆపరేషనైన తన వదిన పేరు చెప్పింది. షారోన్ ఏమీ లేదన్నట్టు తల వంచుకుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దీనమ్మ కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని, రెప్పల కిందనుంచి కొడుకు కుడిచేతినే చూస్తోంది. ఆ వేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, అంటిన పిండి పోవట్లేదన్నట్టు.

"నాది ఒకటుంది నాన్నా," అన్నాడు జాషువా.

గొంతు మామూలుగానే ఉంది. ఉప్పు అందించమని అడిగినట్టుగా ఉంది.

"వేళ్ళు మొద్దుబారుతున్నాయి. గురువారం నుంచీ ఉంది, చెప్పలేదు. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళి ఆక్సిజన్ పెట్టించుకుంటాను. డాక్టరు ఊఁ అనగానే దొరికిన బండికి విశాఖ వెళ్తాను, షారోన్ వస్తుంది. సోమవారం దిగనని సేఠ్‌కి చెప్పేశాను, యుగంధర్‌నీ దిగొద్దన్నాను. వాళ్ళేమనుకుంటారో అనుకోనీండి. దాని కోసం ప్రార్థన చెయ్యండి."